పట్టాలు తీసిన బాటలు



సైకిలు త్రొక్కువానికి శత్రువులు ఇద్దరు. ఒకటి ఎగువదారి, రెండవది వెనుకనుండి హారను మ్రోగించుచు వచ్చు లారీ. కొండసీమలలో ఈ రెండును ఒకే మలుపున ఎదురగుట కలదు. అట్టి కొండల నడుమ, ఎత్తు అంతగా తెలియకుండ, మోటారు బండి కంటబడకుండ, మైళ్ళకొలది సాగిపోవు కంకర బాటలు ఉన్నవన్నచో వింతగా తోచును. ఇంగ్లండు నడిబొడ్డున డార్బీషైర్ అను జిల్లా కలదు. అందలి కొండసీమకు పీక్ డిస్ట్రిక్ట్ అని పేరు. 1951లో ఆ దేశమున మొట్టమొదటి జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ప్రాంతము ఇదియే. అక్కడ అట్టి బాటలలో పేరుమోసినవి మూడు.

ఇవి సైకిళ్ళకొరకు వేసినవి కావు. ఒకప్పటి రైలు మార్గములు. రైలు బండికి ఎత్తెక్కుట కష్టము. ఇనుప పట్టాపై ఇనుప చక్రము జారును. అందుచేత ఇంజనీర్లు అడ్డువచ్చిన గట్టును కోసి, పల్లమును పూడ్చి, లోయపై వంతెన కట్టి, కొండను తొలిచి, దారిని వీలైనంత సమముగా నడిపిరి. రైళ్ళు ఆగి, పట్టాలు పోయినను ఆ సమతలము మిగిలినది. ఆనాటి కూలీలు పలుగు పారలతో పడిన శ్రమ నేటి సైకిలువాని మోకాళ్ళకు సుఖమైనది.

మూడింటిలో పాతది హై పీక్ బాట. దాని తూర్పు కొనయందు క్రామ్‌ఫర్డ్ అను ఊరు కలదు. ఆ ఊరి పేరు తెలుగువారు గుర్తుంచుకొనదగినది. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ అను నతడు నీటి బలముతో నూలు వడుకు మిల్లును అక్కడ నెలకొల్పెను. అంతకు పూర్వము ఇంగ్లండువారు ముచ్చటపడి కట్టిన అద్దకపు నూలుబట్టలలో ఎన్నో మచిలీపట్నము మొదలగు తూర్పుతీరపు రేవులనుండి ఓడలలో పోయినవే. మచిలీపట్నమున ఇంగ్లీషు కంపెనీవారు 1611లోనే వర్తకశాల పెట్టిరి. ఆ బట్టల పోటీకి తాళలేక తమ నేతగాండ్రు మొరపెట్టగా, 1721లో పార్లమెంటు అద్దకపు నూలుబట్టలు కట్టరాదని చట్టము చేసెను. ఆర్క్‌రైట్ మిల్లు నడచిన పిమ్మట, 1774లో, తమ దేశమున నేసిన నూలుబట్టలకు మాత్రము ఆ నిషేధమును సడలించెను! తరువాతి శతాబ్దమున యంత్రపు నూలు ఇటు దిగుమతియై మన రాట్నములను ఎట్లు మూలబెట్టినదో పెద్దలు ఎరుగుదురు. ఆ మిల్లు కట్టడములు నేటికిని నిలిచి, 2001లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినవి. బాట దిగివచ్చిన సైకిలు యాత్రికుడు ఆ ఛాయలలో కూర్చుండి టీ త్రాగును. మచిలీపట్నపు అద్దకమువాని కథకును ఆ గోడలకును గల సంబంధము అతనికి తెలియకపోవచ్చును.

క్రామ్‌ఫర్డ్ కాలువను కొండల కావలనున్న మరియొక కాలువతో కలుపుటకై 1830, 1831 సంవత్సరములలో 33 మైళ్ళ రైలు మార్గము తెరిచిరి. దీనిని కాలువ కట్టినట్లే కట్టిరి. దూరమంతయు ఇంచుమించు సమముగా నడిపి, లాకులకు బదులుగా కొన్ని నిటారు వాలులు పెట్టిరి. సమతలమున మొదట గుర్రములు పెట్టెలను లాగెడివి. వాలులపై, ఒకచోట నిలిపిన ఆవిరి యంత్రము గొలుసుతో వానిని పైకి ఈడ్చెడిది. మిడిల్‌టన్ వాలున సుమారు 8 అడుగులు సాగునప్పటికి 1 అడుగు ఎత్తు పెరుగును. దాని శిఖరమున 1829 నాటి యంత్రము తన యింటితో సహా నేటికిని ఉన్నది. ఇట్టి వాలులవద్ద మాత్రము సైకిలు దిగి నడచుటయే మర్యాద. మార్గము 1967లో పూర్తిగా మూతపడెను. అందు సుమారు 17 మైళ్ళు బాటయైనది.

పార్స్‌లీ హే అనుచోట దీనిని కలియునది టిస్సింగ్‌టన్ బాట, 13 మైళ్ళు. పచ్చిక బయళ్ళు, రాతిగోడలు, ఆవుల మందలు. ఆ కూడలికి సమీపమున ఆర్బర్ లో అను శిలావలయము కలదు. వేల యేండ్ల నాటి సున్నపురాళ్ళు నేలపై పడియున్నవి. టిస్సింగ్‌టన్ గ్రామమున ఏటేట వసంతకాలమున బావులను తడిమట్టిలో పూలరేకులు గ్రుచ్చి చేసిన చిత్రములతో అలంకరింతురు.

ఇక మూడవది మాన్‌సల్ బాట. నిడివి 8½ మైళ్ళే అయినను అందమున మిన్న. 1863లో బేక్‌వెల్ నుండి బక్స్‌టన్ వైపునకు ఈ లోయలో రైలు వేసినప్పుడు జాన్ రస్కిన్ మండిపడెను. దేవతలు తిరుగదగిన లోయను, ఒక ఊరివారు మరియొక ఊరికి అరగంటలో పోవుటకై పాడుచేసిరని అతని ఆక్రోశము. గాంధీ మహాత్ముని మనసు మార్చిన ‘అన్‌టు దిస్ లాస్ట్’ గ్రంథకర్త ఇతడే. గాంధీజీ ఆ గ్రంథమును 1904లో దక్షిణాఫ్రికాలో చదివినది రైలు ప్రయాణములోనే యనుట ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు! రస్కిన్ కోపమునకు గురియైన మార్గమందలి ఐదు కమానుల వంతెనయే నేడు చట్టము కాపాడు కట్టడము; జనులు పనిగట్టుకొని వచ్చి దానిని చూచి పోవుచున్నారు.

ఈ బాట ప్రక్కనే లిటన్ మిల్లు కలదు. లండను అనాథాశ్రమమునుండి మిల్లు పనికి పంపబడిన రాబర్ట్ బ్లింకో అను బాలుడు అక్కడ పడిన దెబ్బలు, ఆకలి 1832లో పుస్తకముగా వెలువడినవి. మిల్లు యజమాని వైభవము పోయినది. ఆ చిన్న పుస్తకము నిలిచినది.

ఈ రైలు మార్గము 1968లో మూతపడెను. ఆ సంవత్సరమే పార్లమెంటు, గుర్రపు బాటలపై సైకిళ్ళు పోవచ్చునని చట్టము చేసెను. అయినను బాట తనంత తాను రాలేదు. ఆ దశకమున ఇంగ్లండులో మూతపడిన మార్గములలో అనేకము తునకలుగా అమ్ముడుపోయినవి. ఒక్క వంతెన కూలినను, ఒక్క తునక ఎవరి దొడ్డిలో కలిసినను దారి తెగును. పుంతదారి గట్లలో కరగిపోవుట చూచిన రైతునకు ఈ సంగతి వేరుగ చెప్పవలెనా? పీక్ ఉద్యానపు పాలకమండలియు జిల్లా కౌన్సిలును ముందుచూపుతో హై పీక్ దారిని కొనిరి. టిస్సింగ్‌టన్ బాట 1971లో తెరువబడినది. మాన్‌సల్ బాట 1981లో ప్రజలకు దక్కినను, సొరంగములు మూసియుండుటచే మరి 30 సంవత్సరములు అది తెగిన దండవలె నుండెను. నడచువారు నిటారు కాలిదారులలో చుట్టి పోవలసివచ్చెడిది. సైకిళ్ళకు దారియే లేదు. 2011 మే నెలలో సొరంగములు తెరిచి, లోపల దీపములు పెట్టిరి. అందు నాలుగు ఒక్కొక్కటి సుమారు పావు మైలు పొడవైనవి. నేడు చక్రముల కుర్చీలో కూర్చున్నవారును, పసిబిడ్డను బండిలో త్రోయు తల్లియు ఆ కొండ గర్భమునుండి సాగిపోగలరు.

చిక్కులు లేకపోలేదు. మోటారు లేని బాటను చేరుటకు జనులలో అనేకులు మోటారులలోనే వచ్చుచున్నారు! వేగముగ వచ్చు సైకిలును చూచి నడచువారు విసుగుకొందురు. అన్నిటికంటె పెద్ద చిక్కు వేరు. మాన్‌సల్ లోయలో మరల పట్టాలు వేసి, రోడ్లపై రద్దీని తగ్గింపవలెనని కోరువారు కలరు. వారి వాదమున న్యాయము లేకపోలేదు. అయినను ఒకసారి పట్టా పడినచో ఆ సొరంగములలో పసిబిడ్డ బండికి చోటుండదు. బాటకు బదులు అంతటి బాటను మరియొకచోట ముందుగా కట్టి చూపిన పిమ్మటనే ఆ మాట ఎత్తుట ధర్మము. వాదము సాగుచునే యున్నది. రస్కిన్ తిట్టిన వంతెన మాత్రము ప్రస్తుతము సైకిళ్ళను మోయుచున్నది.