నాటక పరిషత్తులు – బహుమతుల తగవులు

నాటక పరిషత్తు జరిగే వూరికి మీరు చివరి రాత్రి వెళ్లి చూడండి. ప్రదర్శనలు ముగిసి అర్ధరాత్రి దాటినా జనం కదలరు. వేదిక మీద సన్మానాలు, ఉపన్యాసాలు సాగుతూ వుంటవి గాని, చూపులన్నీ న్యాయనిర్ణేతల చేతిలోని కాగితం మీదనే వుంటవి. ఉత్తమ ప్రదర్శన మొదలుకొని ఉత్తమ ఆహార్యం వరకు బహుమతులన్నీ చదివిన పిదప అసలు సభ ఆరంభమవుతుంది. అది జరిగేది టీకొట్టు ముందు, బస్టాండు అరుగు మీద. రేపల్లె నుండి వచ్చినవాడు ప్రతినాయకుని నటన అతిశయమంటాడు. తెనాలివాడు ఆ పాత్రే అటువంటిదంటాడు. ఇద్దరికీ పూర్వపరిచయం వుండదు. తెల్లవారే లోపల ఒకరి కొత్త నాటిక వ్రాతప్రతి మరొకరి సంచిలోకి చేరుతుంది.

ఈ స్నేహమే పరిషత్తులకు ప్రాణమని నా అభిప్రాయం. దర్శకునికి నటుడు దొరికేది ఇక్కడ. రచయిత తన సంభాషణ ఎక్కడ చప్పబడినదో తెలుసుకొనేది కూడా ఇక్కడనే. వేదిక మీది ప్రశంసలో ఆ సంగతి వుండదు గదా!

పూర్వం నాటకానికి తీర్పరి టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడే. బాపట్లలో 1902లో జన్మించి, తెనాలి రామవిలాస సభలో స్త్రీపాత్రలతో పేరు గాంచిన స్థానం నరసింహారావుగారికి ప్రజలిచ్చిన బహుమతి ‘వన్స్ మోర్’ అన్న కేక. 1929లో ఆ తెనాలిలోనే ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడినది. తరువాతి కాలంలో పోటీలు, న్యాయనిర్ణేతలు, మార్కులు నాటకరంగంలో స్థిరపడినవి. దీనివలన మేలు జరుగలేదనలేము. ఆత్రేయగారి ‘ఎన్.జి.ఓ.’ వంటి సాంఘిక నాటకానికి గౌరవం కలిగించినది పరిషత్తు బహుమతే. పోటీలన్న ఉత్సాహం నేటికీ తగ్గలేదు. 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగినవి.

అయితే ఓడినవాని మాట ఒకటి వున్నది. ఈపురుపాలెం చీరాల ప్రక్కనే వున్న నేతల వూరు. అటువంటి వూళ్లో పదిమంది కలిసి ఒక నాటిక తలపెట్టినారనుకోండి. పగలంతా గుంటమగ్గంలో కూర్చున్నవారు రాత్రి రిహార్సలుకు చేరాలి. స్త్రీపాత్రకు నటీమణిని కుదుర్చుకొని, ఆమె పారితోషికం, దారిఖర్చులు చూడాలి. సెట్టు చేయించి లారీ కెక్కించాలి. మగ్గం ఆగిన దినాలకు కూలి రాదు. ఇంతా చేసి, గంటసేపు ఆడి, బాపట్ల మీదుగా తిరుగురైలులో వస్తూవుంటే వారికి మిగిలేది ‘మనకెందుకు రాలేదు?’ అన్న ప్రశ్న ఒక్కటే. సమాధానం ఎవరి వద్ద వున్నదో వారికి తెలుసు. అడిగే వీలు మాత్రం లేదు.

కారణం చెప్పనిచోట అనుమానం పుడుతుంది. న్యాయనిర్ణేత ఫలానావారి స్నేహితుడంటారు. ఫలానా సమాజానికి ముందే ఖాయమైనదంటారు. ఇందులో చాలాభాగం ఓటమి పలికించే మాట. కాని మరొక నష్టం నిజమైనది. ఎందుకు నెగ్గినారో తెలియనప్పుడు, నిరుడు నెగ్గిన నాటికను చూసి ఈ యేడు నాటిక అల్లుతారు: అదే కన్నీటి ఘట్టం, చివర అదే పిడికిలి. ఒకే నటీమణి ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాల పక్షాన నటించడం కూడా కలదు. ఆమె పోటీ ఆమెతోనే! అందుకు ఆమెను తప్పు పట్టను. నటించే స్త్రీలు తక్కువ, అడిగే సమాజాలు ఎక్కువ.

అలాగైతే తీర్పు ప్రేక్షకుల ఓటుకే విడవవచ్చును గదా అని కొందరంటారు. ఆ పద్ధతి ఎట్లా నడుస్తుందో చూడాలంటే వైజ్ఞానిక కల్పనాసాహిత్యపు అభిమానుల వద్దకు పోవాలి. వారి ప్రపంచ సమ్మేళనం 1939లో న్యూయార్కులో మొదలైనది. అక్కడ కూడా సభలకన్న హోటలు వసారాలలోని కబుర్లకే రుచి ఎక్కువట. 1953లో ఫిలడెల్ఫియా సమ్మేళనంలో వారు హ్యూగో బహుమతులు ప్రారంభించినారు. న్యాయనిర్ణేతలు లేరు, చందా కట్టిన సభ్యులే ఓటు వేస్తారు. తమకు నచ్చిన వరుసలో రచనలకు అంకెలు వేస్తారు. ‘ఎవరికీ వద్దు’ అని వ్రాసే హక్కు కూడా వున్నది.

తగవులు తప్పినవా? తప్పలేదు. 2015లో కొందరు జట్టుకట్టి నామినేషన్లను తమ జాబితాతో నింపగా, తక్కిన సభ్యులు ఆగ్రహించి అయిదు విభాగాలలో ‘ఎవరికీ వద్దు’ అని తీర్పునిచ్చినారు. 2023లో చైనాలోని చెంగ్డూలో సమ్మేళనం జరిగినప్పుడు ఇంకా పెద్ద వ్యవహారమే జరిగినది. ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల ‘బాబెల్’ వంటి కొన్నింటిని, కారణం చెప్పకుండా, అర్హత లేనివని నిర్వాహకులు తొలగించినారు. ఇది బయటపడినది ఒక చిన్న నియమం వలన. సమ్మేళనం ముగిసిన తొంబది దినాలలో ఓట్ల లెక్కలన్నీ ప్రకటించి తీరాలి. 2024 జనవరిలో లెక్కలు వచ్చినవి, గుట్టు రట్టయినది, బాధ్యులు కొందరు పదవులు విడిచినారు. మరుసటి సమ్మేళనం గ్లాస్గోలో. అక్కడి నిర్వాహకులు దొంగవోట్లని తేలిన 377 వోట్లను త్రోసివేసి, ఆ సంగతిని, కారణాన్ని బహుమతుల సభకు ముందే లోకానికి తెలిపినారు.

మన పరిషత్తులకు ఓటు కావాలని నేననను. తన వూరి నాటికకే చేయెత్తే ప్రేక్షకుని మనమెరుగుదుము. ముగ్గురు అనుభవజ్ఞులు కూర్చుండి చూడడమే మంచిది. కాని ఆ లెక్కల నియమం మనకెందుకు వుండరాదు? మార్కులు బయటపెడితే న్యాయనిర్ణేతలుగా ఎవరూ రారని నిర్వాహకులు చెప్పవచ్చును. వచ్చే కొద్దిమందియే చాలును. రాత్రి బహుమతులు చదివిన పిమ్మట, ప్రతి ప్రదర్శనకు వచ్చిన మార్కులు, వాటి ప్రక్కన రెండేసి వాక్యాల కారణం ఒక కాగితం మీద వ్రాసి కళామందిరం తలుపుకు అంటించవచ్చును. తెల్లవారి సెట్టు లారీ కెక్కించుకొనేవారు పోతూపోతూ దానిని చదువుకొంటారు. రచన బాగున్నదనీ, మధ్యభాగం సాగినదనీ తెలిస్తే, ఈపురుపాలెం నాటికలో ఆ మధ్యభాగాన్ని రాబోయే పరిషత్తుకు ముందే తిరుగవ్రాయవచ్చును.