లెక్క కెక్కని గాయములు
(బాలల సంక్షేమమును గూర్చిన సభలో మేము చేసిన ప్రసంగము)



వీధిలో హత్య జరిగిన మరునాడు మనము లెక్కించునవి యెవ్వి? చచ్చినవారు, గాయపడినవారు, కాలిన అంగళ్లు. పోలీసువారి దస్త్రములలో ఈ లెక్కలే యుండును; పత్రికలును వీనినే అచ్చువేయును. ఆ వీధిలోనే, మూసిన తలుపుల వెనుక, తల్లి కొంగు పట్టుకొని కూర్చున్న బిడ్డ యే లెక్కలోను చేరదు. దెబ్బ తగులలేదు గనుక గాయమే లేదని తలంచుచున్నాము. ఈ తలంపు తప్పని చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

అమెరికాలోని చికాగో నగరమును గైకొందము. అచ్చటి కొన్ని పేటలకు తుపాకిమోత క్రొత్త గాదు. ప్యాట్రిక్ షార్కీ యను సమాజశాస్త్రజ్ఞుడు ఆ నగరమునందలి నల్లజాతి పిల్లల పరీక్షాఫలితములను, హత్యలు జరిగిన తేదీలతోను స్థలములతోను సరిచూచి, 2010లో ప్రకటించెను. ఇంటి చుట్టుపట్ల హత్య జరిగి వారము దాటక మునుపు పరీక్షింపబడిన పిల్లలు, అదే పేటలో వేఱొక సమయమున పరీక్షింపబడిన పిల్లలకంటె పఠనమునందును పదజ్ఞానమునందును చాల వెనుకబడిరి. హత్యను కన్నులార చూచినవారిని మాత్రమే ఏరి తీసిన లెక్క కాదిది. పొరుగున జరిగినదే చాలెను. బడికి క్రొత్తగా వచ్చు పసివారి చిత్తైకాగ్రతయు, నిగ్రహమును గూడ ఇట్లే చెడుచున్నవని 2012లో ఆయనయు సహచరులును తెలిపిరి.

కారణము దుర్గ్రాహ్యము కాదు. అపాయము పొరుగున నున్నదని యెఱిగిన దేహము కావలి కాయుచుండును. పేటలో హింస జరిగిన రాత్రి పిల్లలు ఆలస్యముగా నిద్రించుచున్నారనియు, మరునాటి యుదయమున భయసమయములందు దేహమున నూరెడి కార్టిసాల్ వారియందు హెచ్చుచున్నదనియు 2018లో వెలువడిన పరిశోధన చూపినది. కావలి కాయు మనస్సు పాఠము నెట్లు వినగలదు? తలుపు చప్పుడునకు ఉలికిపడుట, పీడకలలు, పక్క తడుపుట, మాట మానుట, ఊరక కోపించుట, ఇవి ఆ గాయపు చిహ్నములు. వీనిని సోమరితన మనియు దుడుకుతన మనియు పేర్కొని బెత్తము నెత్తినచో, వీధిలో పుట్టిన భయమును బడిలోనికి గూడ తెచ్చినవార మగుదుము.

ఇది ఆ జాతి స్వభావమని పలుకువారు కలరు. ఆ మాట అన్యాయము. 1930 తరువాతి దశకమున ప్రభుత్వసంస్థయే పటములపై నల్లవారి పేటలకు ఎఱ్ఱరంగు పూసి, అవి అప్పిచ్చుటకు అపాయకరములని ముద్రవేసెను. ఇండ్లకు అప్పు పుట్టలేదు; వర్తకములు తరలిపోయెను. గృహవసతియందు ఇట్టి భేదమును 1968 నాటి చట్టము నిషేధించినను, తరములుగా పేరుకొన్న లేమి తొలగలేదు. హింస ఆ లేమిలో వేళ్లూనినది.

ఐనను నిరాశకు చోటు లేదు. 1995లో అదే చికాగోలో 343 పేటలందు 8,782 మందిని ప్రశ్నించి, శాంప్సన్, రాడెన్‌బుష్, ఎర్ల్స్ అను పండితులు 1997లో ఒక సత్యమును వెల్లడించిరి. ఇరుగుపొరుగువారు పరస్పరము నమ్ముకొని, ఎవరి బిడ్డయైనను తమ బిడ్డయే యని కలుగజేసికొను పేటలలో హింస తక్కువ. బీదతనము సమానముగా నున్నను తక్కువయే. మఱియు లాస్ ఏంజిల్స్ పాఠశాలలలో హింసను చవిచూచిన పిల్లలను చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి, పది పాఠములలో భయము నెదుర్కొను తెఱగు నేర్పగా, వారి బాధ తగ్గినదని 2003లో తేలినది.

సోదరులారా! మన పట్టణములలో కల్లోలము లణగి కర్ఫ్యూ ఎత్తివేయగనే శాంతి నెలకొన్నదని ప్రకటించుకొందుము. శాంతి నెలకొన్నది వీధిలోనా, బిడ్డ గుండెలోనా? బడి తిరిగి తెఱచిన దినమున ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తీయుటకు ముందు, రాత్రి నిద్ర పట్టినదా యని యడుగవలెను. మనస్తత్వ మెఱిగినవారిని ప్రభుత్వము ప్రతి బడికిని అందుబాటున నుంచవలెను. పేట పెద్దలు కక్షలను పిల్లల కండ్లయెదుట మాత్రమే కాదు, వారి పొరుగున గూడ జరుగనీయరాదు. నేటి భయము రేపటి పగ కాకుండ కాపాడుట మన చేతిలోనే యున్నది.