డాలరు, రాజధాని, మన ఇల్లు
(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



గృహరుణాల విభాగంలో పనిచేసినన్నాళ్ళూ నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "సార్, ఇప్పుడు ఇల్లు కొనమంటారా, ఆగమంటారా?" రూపాయి పడినప్పుడూ, రాజకీయం ఎటూ తేలనప్పుడూ ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వచ్చేది. ఆ రెండూ కలిసొచ్చిన ఏడాది 2013. అందుకే హైదరాబాదు సంగతి చెబుతాను.

ఆ ఏడాది మే మొదట్లో డాలరు సుమారు 54 రూపాయలు. ఆగస్టు 28న 68 దాటింది. 50 లక్షల ఫ్లాటు కొనాలంటే అమెరికాలో ఉన్న అబ్బాయి మేలో దాదాపు 92,600 డాలర్లు పంపాలి. ఆగస్టు చివర 73,500 చాలు. ఇక్కడ ధర పైసా తగ్గకపోయినా అతనికి ఐదోవంతు తగ్గినట్టే. కానీ మేలోనే కొన్నవాడు ఆగస్టులో అదే ధరకు అమ్మి, డబ్బు వెనక్కి తీసుకెళ్తే? అతనికి అదే ఐదోవంతు నష్టం. రూపాయి ఒకటే, పడటం ఒకటే. లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి.

మరి జీతం రూపాయల్లో తీసుకునే మనకు? దెబ్బ వడ్డీ రూపంలో తగులుతుంది. రూపాయిని నిలబెట్టడానికి రిజర్వు బ్యాంకు 2013 జూలైలో స్వల్పకాలిక వడ్డీలను గట్టిగా పెంచింది. ఆ సెప్టెంబరు నుంచి 2014 జనవరి లోపు రెపో రేటు 7.25 నుంచి 8 శాతానికి చేరింది. 20 లక్షల అప్పు, 20 ఏళ్ళ గడువు, 10 శాతం వడ్డీ అనుకోండి. నెల వాయిదా సుమారు 19,300. వడ్డీ మొదట్లోనే 11 శాతమై, వాయిదా పెంచకుండా వదిలేస్తే ఆ అప్పు తీరడానికి 27 ఏళ్ళు దాటుతుంది. రిటైరయ్యాక కూడా కట్టాల్సిందే.

ఇక రాజకీయం. 2009 డిసెంబరు 9 ప్రకటన నుంచి 2014 జూన్ 2 దాకా నేను చూసింది ఇది: ముందు తగ్గేది ధర కాదు, బేరాలు. అమ్మేవారు రేటు దించరు, కొనేవారు ముందుకు రారు. కాగితం మీద ధర అలాగే ఉంటుంది, చేతికి డబ్బు మాత్రం రాదు.

2012లో మా ఇంట్లోనూ ఇదే చర్చ. "రాష్ట్రం సంగతి తేలనీ" అన్నాను నేను. "పిల్లల బడి ఇక్కడే, మీ ఉద్యోగం ఇక్కడే, ఇంకేం తేలాలి?" అంది మా ఆవిడ. ఆగాను. నాలుగేళ్ళ తర్వాత అదే కాలనీలో చాలా ఎక్కువ పెట్టి కొన్నాను. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది!

అలాగని తొందరపడమనీ చెప్పను. నా మిత్రుడొకరు 2015లో అమరావతి దగ్గర స్థలం కొన్నారు, దాచుకున్నదంతా పెట్టి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ మరుసటి ఏడు అమ్మాయి చదువుకు డబ్బు కావలసి వస్తే కొనేవాడు దొరకలేదు. 2024 తర్వాత ఆ స్థలానికి మళ్ళీ గిరాకీ వచ్చింది. కానీ అమ్మాయి ఫీజు అప్పటిదాకా ఆగుతుందా? అప్పు చేసి కట్టారు.

నేను ఆగి పొరబడ్డాను, ఆయన కొని ఇబ్బందిపడ్డారు. రేపేం జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. అందుకే నన్ను అడిగినవారిని తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. ఆ ఇంట్లో మీరే పదేళ్ళు ఉంటారా? వడ్డీ ఒక శాతం పెరిగినా వాయిదా పెంచి కట్టగలరా? మార్జిన్ సొమ్ము కట్టాక ఆరు నెలల ఖర్చు డిపాజిట్లో మిగులుతుందా? మూడింటికీ అవునంటే డాలరునూ రాజధానినీ చూసి ఆగవద్దు. ఒక్కదానికి కాదన్నా, ఎవరెంత ఊరించినా ఆగండి.

ఈ మూడు ప్రశ్నలకు జవాబు పేపర్లో దొరకదు. ఇంట్లో భార్యాభర్తలు కలిసి కూర్చుంటే దొరుకుతుంది.