మన లీవు, పిల్లల సెలవులు: ఇటలీలో తొమ్మిది రోజులు

(మన సంఘం ఉగాది సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పది రోజుల క్రితం ఫోన్ చేసి, “సుబేదార్ సాబ్, మీరు మనవలతో ఇటలీ వెళ్ళొచ్చారు కదా, పిల్లలతో వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొచ్చేట్టు ఒక ఇరవై నిమిషాలు మాట్లాడండి” అన్నారు. నేను మద్రాస్ శాపర్స్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసినవాణ్ణి. వంతెన గురించి అడిగితే గంట చెబుతాను. విహారయాత్ర గురించి చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. చేయగూడని తప్పులన్నీ నేను ముందే చేసి వచ్చాను.

2024 మే నెలలో మా అమ్మాయి, అల్లుడు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, మా ఆవిడ, నేను కలిసి వెళ్ళాం. మనవడికి ఎనిమిదేళ్ళు, మనవరాలికి ఐదు. ఖర్చు పిల్లలది, ప్రణాళిక నాది. అదే మొదటి తప్పు. తొమ్మిది రోజుల్లో రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, నేపుల్స్, పాంపే అన్నీ చుట్టేసేలా పెద్ద పట్టిక తయారుచేశాను. ఉదయం 6 గంటలకు లేవడం, 7కి టిఫిను, 7.30కి కదలడం. మా ఆవిడ ఆ కాగితం చూసి, “ఇది యాత్రా, మూవ్‌మెంట్ ఆర్డరా?” అంది. నేను పట్టించుకోలేదు.

ముందుగా కాగితాల సంగతి. ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2024 జూన్ నుంచి వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరేళ్ళు నిండి పన్నెండు లోపున్న పిల్లలకు 45. ఆరేళ్ళలోపు వాళ్ళకి లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం అడుగుతారు. మన ఉద్యోగాల్లో ఇది తరచూ వచ్చే ఇబ్బందే, కాబట్టి ముందే రాయించి పెట్టుకోండి. సర్వీసులో ఉన్నవాళ్ళు సొంత పని మీద విదేశానికి వెళ్ళాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలని మీకు చెప్పక్కర్లేదు. టికెట్లు కొని ఆ తర్వాత అర్జీ పెట్టకండి.

తిండి విషయం. మాంసం, పాలతో చేసిన పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌కి తీసుకెళ్ళనివ్వరు. మా ఆవిడ కట్టిన నెయ్యి డబ్బా, పాలకోవా ఇంట్లోనే ఆగిపోయాయి. ఆవకాయ వచ్చింది. అక్కడ చాలా హోటళ్ళు మధ్యాహ్న భోజనం అయ్యాక వంటిల్లు మూసేస్తాయి, మళ్ళీ రాత్రి 7, 7.30కి గాని తెరవవు. ఐదేళ్ళ పిల్లకి ఆ సంగతి ఏం తెలుస్తుంది? సాయంత్రం 5 గంటలకి ఆకలేస్తే ఏడుస్తుంది. అరటిపళ్ళు, బ్రెడ్డు, అటుకులు సంచీలో ఉండాల్సిందే. హోటల్లో “పాస్తా ఇన్ బియాంకో” అని అడిగితే కారం, సాసు ఏమీ లేకుండా వెన్నో నూనో కలిపి ఇస్తారు. మా చిన్నది అదే మూడు పూటలా తింది, మా ఆవిడ మాత్రం అందులో ఆవకాయ కలుపుకుంది. నీళ్ళకు రోమ్‌లో బెంగ లేదు. వీధి మలుపుల్లో ఇనుప కుళాయిల్లో మంచినీళ్ళు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటాయి, సీసా పట్టుకెళ్తే చాలు.

ఇక అసలు సంగతి. రెండో రోజున నా పట్టికలో ఆరు స్థలాలున్నాయి. కొలోసియంలో పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి టికెట్ ఉచితం, అయినా సమయం ముందుగా బుక్ చేసుకోవాలి. అక్కడిదాకా బాగానే సాగింది. అక్కణ్ణుంచి ఎండలో రాళ్ళ బాటల మీద నడక. నాలుగో స్థలం స్పానిష్ మెట్లు. చిన్నది ఆ మెట్ల మీద చతికిలబడి, “నేను రాను” అంది. అక్కడ కూర్చోవడం 2019 నుంచి నిషేధం. నగర పోలీసు ఈల వేశాడు. నేను, “లే, లే, ఇంకా రెండున్నాయి” అని చెయ్యి పట్టి లేపబోయాను. అది ఇంకా గట్టిగా ఏడ్చింది. అప్పుడు మనవడు నన్ను చూసి, “తాతయ్యా, ఇది సెలవా, పెరేడా?” అన్నాడు.

అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. పిల్లని ఎత్తుకుని తిన్నగా బసకు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక బాల్కనీలో అంది, “నాన్నా, అరకు గుర్తుందా?”

గుర్తులేకేం. 2001లో తనకి పదేళ్ళు. క్రిస్మస్ సెలవులకి విశాఖపట్నం నుంచి కిరండూల్ బండిలో అరకు తీసుకెళ్తానని మాటిచ్చాను. దారిలో సొరంగాలు లెక్కపెట్టాలని పుస్తకం కూడా కొనుక్కుంది. డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. లీవులు రద్దయ్యాయి. ఇక్కడున్న వాళ్ళలో చాలామందికి ఆ డిసెంబర్ గుర్తుండే ఉంటుంది.

“నేను సర్దుకున్న సంచీ సంక్రాంతి దాకా విప్పలేదు. నువ్వు రాలేదని నాకు కోపం లేదు నాన్నా. ఉద్యోగం అని అమ్మ చెప్పింది. కానీ తర్వాతైనా ఎందుకు రాలేకపోయావో నువ్వు ఒక్కసారీ చెప్పలేదు. అరకు ఎలా ఉంటుందో చూడాలని కాదు, నీ పక్కన కిటికీ దగ్గర కూర్చోవాలని ఉండేది. ఇప్పుడు నా పిల్లలకి ఊళ్ళు చూపిస్తున్నావు గానీ, వాళ్ళ పక్కన కూర్చోవడం లేదు.”

నా దగ్గర జవాబు లేదు. పొద్దున్నే పట్టిక తీసి, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్ కొట్టేశాను. ముందే కొన్న టికెట్ల డబ్బు కొంత పోయింది. పోనీ అనుకున్నాం. రోజుకి ఒకే స్థలం, అదీ పొద్దున పూట, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం పిల్లలు ఎటు లాగితే అటు. ఒక్క కాసినో మాత్రం నేను ఒంటరిగా వెళ్ళొస్తానన్నాను. సమాధులు పిల్లలకెందుకని నా ఉద్దేశం. “మేమూ వస్తాం” అన్నాడు మనవడు. అందరం బయల్దేరాం.

రోమ్ టెర్మినీ నుంచి ప్రాంతీయ రైల్లో గంటన్నర, రెండు గంటల ప్రయాణం. స్టేషన్‌కి ఒక కిలోమీటరు దూరంలో కామన్వెల్త్ శ్మశానవాటిక. పైన కొండ మీద మఠం కనిపిస్తూనే ఉంటుంది. 1944 ఫిబ్రవరి 15న బాంబులు వేసి నేలమట్టం చేసిన మఠమే అది, యుద్ధం తర్వాత మళ్ళీ కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 50 వేల మంది భారత సైనికులు ఇటలీలో పనిచేశారు. 4, 8, 10 డివిజన్లు మనవి. 5,700 మందికి పైగా తిరిగి రాలేదు. 4వ డివిజన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ కొండ మీద పోరాడింది. 8వ డివిజన్ మే నెలలో గారి నది దాటింది. ఆ దాటడంలోనే, మే 12న, సిపాయి కమల్ రామ్ పంతొమ్మిదేళ్ళ వయసులో విక్టోరియా క్రాస్ సంపాదించాడు.

శ్మశానవాటికలో 4,200కు పైగా సమాధులు. గడ్డి, గులాబీలు, తెల్లటి రాళ్ళు వరుసగా డ్రెస్సింగ్ తీసుకున్నట్టు ఉన్నాయి. మధ్యలో ఆకుపచ్చ పాలరాతి ఫలకాల మీద, సమాధి కూడా దొరకని 4,000 మందికి పైగా సైనికుల పేర్లు. మనవడు రాళ్ళ మీద వయసులు చదువుతూ నడిచాడు. 19, 22, 20. ఒక దగ్గర ఆగి అడిగాడు: “తాతయ్యా, వీళ్ళ పిల్లలు ఎప్పుడైనా ఇక్కడికి వచ్చారా?”

“కొందరు వచ్చి ఉంటారు. మన ఊళ్ళ నుంచి ఇంత దూరం చాలామంది రాలేకపోయి ఉంటారు” అన్నాను. చిన్నది చేతిలో ఉన్న బిస్కెట్టు ఒక రాయి ముందు పెట్టింది. మేం వద్దనలేదు.

అక్కడ వాడికి మా రెజిమెంట్ కథ చెప్పాను. రిక్రూట్‌గా ఉన్నప్పుడు బెంగుళూరులో మా ఉస్తాద్ చెప్పిన కథ. కాసినోకి దక్షిణాన మిన్యానో అని ఒక ఊరుంది. అక్కడ 1944 ఫిబ్రవరి 24న మద్రాస్ శాపర్స్ సుబేదార్ సుబ్రమణ్యం మైన్లు వెతికే పనిలో ఉన్నారు. ఒక మైన్ పేలబోతోందని తెలిసిన క్షణంలో, తన మనుషుల్ని కాపాడడానికి దాని మీద పడిపోయారు. ఆయన ప్రాణం పోయింది, వాళ్ళు బతికారు. మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు.

“నువ్వు కూడా మైన్లు తీశావా తాతయ్యా?”

“పెట్టాను, తీశాను కూడా.”

“ఎప్పుడు?”

“మీ అమ్మకి నీ అంత వయసున్నప్పుడు.”

అప్పటిదాకా పూలు చూస్తున్న మా అమ్మాయి ఇటు తిరిగింది. “ఏ సంవత్సరం నాన్నా?”

అక్కడే గడ్డి మీద కూర్చుని చెప్పాను. 2001 డిసెంబర్‌లో సరిహద్దు పొలాల్లో మైన్లు పరిచాం. 2002 చివర్లో బలగాలు వెనక్కి మళ్ళాక మళ్ళీ అవే మైన్లు తీశాం. ఇసుక జరిగి, వాన కురిసి, పెట్టినచోట లేనివి ఎన్నో. మా పక్క కంపెనీలో ఒక కుర్రాడి కాలు పోయింది. ఆ రోజు రాసిన ఉత్తరంలో కూడా “ఇక్కడంతా క్షేమం” అనే రాశాను. అమ్మాయి వాళ్ళమ్మ వంక చూసి, “నీకు తెలుసా?” అంది. “నాకూ రెండేళ్ళ తర్వాతే చెప్పారు” అంది మా ఆవిడ.

అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిరుగు రైల్లో తను కిటికీ దగ్గర కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ దారిలోనూ సొరంగాలు వస్తే, మనవడు లెక్కపెట్టాడు.

తర్వాత రోజులు హాయిగా గడిచాయి. పాంపేలో పెద్దవాళ్ళం క్రీ.శ. 79 నాటి అగ్నిపర్వతం గురించి చదువుతుంటే, పిల్లలు వీధి దాటడానికి వేసిన ఎత్తు రాళ్ళ మీద గెంతారు, బండిచక్రాలు కోసిన గాళ్ళలో నడిచారు. అక్కడ నీడ తక్కువ. టోపీలు, నీళ్ళు మరవకండి, గేటు తెరవగానే వెళ్ళి 11కల్లా బయటపడండి. నేపుల్స్‌లో రాత్రి 9 గంటలకి కూడా చౌరస్తాలో పిల్లలు బంతి ఆడుతుంటారు, ముసలివాళ్ళు అరుగుల మీద కబుర్లాడుతుంటారు. మనవడు ఒక్క ముక్క భాష రాకుండా వాళ్ళతో గంట ఆడాడు. ఇంటికొచ్చాక వాణ్ణి ఇటలీలో ఏం బాగుందని అడిగితే, కొలోసియం అనలేదు, ఆ బంతాట అన్నాడు.

వెళ్ళదలచిన వాళ్ళకి నా మాట ఇది. మే, సెప్టెంబర్ మంచి నెలలు. జూలై, ఆగస్టుల్లో ఎండ ఎక్కువ, పైగా ఆగస్టు 15 చుట్టుపక్కల అక్కడి వాళ్ళే సెలవులకు పోయి చిన్న కొట్లు మూసేస్తారు. మందుల షాపుకి ఆకుపచ్చ శిలువ గుర్తు. అత్యవసరానికి 112. తొమ్మిది రోజులుంటే రెండు ఊళ్ళు చాలు. కుదిరితే కాసినోకో, ఏడ్రియాటిక్ తీరాన సాంగ్రో నది దగ్గర దహనమైన మన సైనికుల పేర్లున్న స్మారకానికో పిల్లల్ని తీసుకెళ్ళండి. వాళ్ళు భయపడరు. ప్రశ్నలు అడుగుతారు. మీరు జవాబు చెప్పండి.

ఇటలీ అందరికీ కుదరదని నాకు తెలుసు. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక్క మాట. మన లీవు, పిల్లల సెలవులు ఒకే తేదీల్లో పడడం అరుదు. పడినా ఆఖరి నిమిషంలో రద్దవుతుంది. దానికి మనం చేయగలిగింది లేదు. కానీ ఎందుకు రాలేకపోయామో, చెప్పగలిగినంత మేరకు, చెప్పగలిగే రోజు వచ్చాక, పిల్లలకి చెప్పడం మన చేతుల్లోనే ఉంది. నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. మీరు అంతకాలం ఆగకండి.

మొన్న జనవరిలో మేం ఆరుగురం విశాఖపట్నంలో అరకు బండెక్కాం. కిటికీ సీటు కోసం మనవరాలికీ, వాళ్ళమ్మకీ పోటీ వచ్చింది. నేను వాళ్ళమ్మ వైపే తీర్పు చెప్పాను.

సెలవు. జై హింద్.