నాలుకకు ముక్కు తోడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరును కాబట్టి యంత్రాల గురించి చెబుతాననుకొని ఉంటారు. ఈ పూట ముక్కు గురించి, నాలుక గురించి నాలుగు మాటలు చెబుతాను.

మీ అందరికీ చక్కెర పూసిన సోంపు పంచారు. ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు పలుకులు నమలండి. తీపి తప్ప పెద్దగా ఏమీ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. సోంపు రుచి నోరంతా నిండింది కదా! నోట్లో ఉన్నది మారలేదు, ముక్కు తెరుచుకుంది, అంతే.

మనం షడ్రుచులంటాం. నాలుక మీది రుచి మొగ్గలు పసిగట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. ఈ ఉమామికి 1908లో పేరు పెట్టినవాడు జపాను రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా. కారం మంటను తెలిపే నరాల పని. వగరు చాలావరకు నోరు పట్టేసినట్టుండే స్పర్శ. మరి ఇంగువ, కరివేపాకు, కొత్తావకాయ ఘుమఘుమ? అవన్నీ ముక్కు పనే.

వాసన ముక్కుకు రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి పీల్చే గాలి. రెండోది, నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ఊపిరితో పైకి వెళ్లే దారి. ముక్కు పైభాగంలో సుమారు 400 రకాల గ్రాహకాలున్నాయి. వీటి జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

నాలుక కబురునూ, ముక్కు కబురునూ మెదడు కలిపేసి, అంతా నోట్లోనే ఉన్నట్టు అనిపింపజేస్తుంది. రెండు సెన్సర్ల సంకేతాలను ఒకే మీటరు మీద చూపినట్టన్నమాట. ఏ సెన్సరు పాడైందో మీటరు చూసి చెప్పలేం. అందుకే పడిశం పట్టింది ముక్కుకైనా, నోరు చప్పబడిందంటాం.

ఇక అసలు సంగతి. వయసు పైబడేకొద్దీ నాలుక కంటే ముక్కే ఎక్కువగా మొద్దుబారుతుంది. అదీ మెల్లమెల్లగా, మనకే తెలియకుండా. కూరలో రుచి లేదని వండినవాళ్లను తప్పుపడతాం. ఉప్పు మరికాస్త కలుపుకుంటాం, రక్తపోటు పెరుగుతుంది. పాచిపోయిన పప్పు వాసన పట్టలేం.

ఇంజనీరుగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది వంటగ్యాసు. దానికి సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. అంటే ఆ భద్రతంతా ఇంట్లోవాళ్ల ముక్కు మీదే ఆధారపడి ఉంది.

అందుకని కొన్ని విన్నపాలు. అప్పుడప్పుడు కళ్లు మూసుకుని కాఫీపొడి, లవంగాలు, జీలకర్ర వాసన చూసి పోల్చుకోండి. తెలియకపోతే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి నూనెల వాసన రోజుకు రెండుసార్లు శ్రద్ధగా చూసే సాధన కొన్ని నెలలు చేస్తే కొందరికి మేలు కలుగుతుంది. రాత్రి పడుకునేముందు రెగ్యులేటరు కట్టేయండి. గ్యాసు అలారం పెట్టిస్తే నేలకు దగ్గరగా పెట్టించండి. ఆ గ్యాసు గాలి కంటే బరువు, కిందనే పేరుకుంటుంది.

మిత్రులారా, మరికాసేపట్లో గురువుల పక్కన భోజనానికి కూర్చుంటాం. "మాస్టారూ, పప్పులో ఇంగువ వాసన తెలుస్తోందా?" అని అడగండి. లేదంటే ఉప్పు గిన్నె జరపకండి. వాళ్ల పిల్లలకు ఓ మాట చెప్పండి.

సెలవు.