జపాను ప్రయాణము – ఇంటి సన్నాహము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



మన పిల్లలకు జపాను దేశమునకు విద్యాయాత్ర పోవు అవకాశము వచ్చినచో వారిని ఎట్లు సిద్ధపరుపవలెనను విషయమును గూర్చి మాటలాడుమని సంఘము వారు నన్ను కోరిరి. హరూరు ఎక్కడ, జపాను ఎక్కడ అని మీలో కొందరికి తోపవచ్చును. మీరు ఇంటివద్ద మంచినీళ్లు త్రాగియే ఈ సభకు వచ్చియుందురు. ఆ నీటితోనే నా మాట ఆరంభించెదను.

మన ధర్మపురి జిల్లాలో భూగర్భజలమునందు ఫ్లోరైడు మితిమీరియుండుట మీరెరుగనిది కాదు. పండ్లపై గోధుమరంగు మచ్చలు పడిన పిల్లలను, ఎముకలు వంగి నిటారుగ నిలువలేని పెద్దలను మన గ్రామములలో చూచియున్నాము. ఆ బాధను తొలగించుటకై హొగెనకల్ వద్ద కావేరీజలమును శుద్ధిచేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తెచ్చు పథకము ఏర్పడెను. దానికి ఋణమిచ్చినది జపాను ప్రభుత్వము. 2008వ సంవత్సరమున ఒప్పందము జరిగెను. 2013లో పథకమునకు ప్రారంభోత్సవమాయెను. అది దానము కాదు, తీర్పవలసిన అప్పే. అయినను అక్కరకు వచ్చిన అప్పును మరువరాదు గదా! మన బాలుడు జపానులో దిగి "నేను ధర్మపురి జిల్లావాడను" అని చెప్పినచో ఆ మాట వెనుక ఇంత కథయున్నది. ఆ కథ వానికి తెలియనిచో తప్పు వానిది కాదు, మనది.

ఇట్టి ప్రయాణములు కలలోని మాటలు కావు. జపానువారి విజ్ఞాన సాంకేతిక సంస్థ 2014లో "సకురా" అను పేర విద్యార్థుల వినిమయమును ఆరంభించెను. 2016 నుండి మన దేశపు పాఠశాలల పిల్లలును అందు పాల్గొనుచున్నారు. "ఇన్‌స్పైర్ మానక్" అను కేంద్రప్రభుత్వ పథకమొకటి కలదు. ఆరవ తరగతి మొదలుకొని పిల్లలు తమకు తోచిన క్రొత్త ఉపాయములను పాఠశాల ద్వారా పంపవచ్చును. ఎన్నికైన దానికి నమూనా చేయుటకై 10,000 రూపాయలు ఇత్తురు. అందు జాతీయస్థాయిలో గెలిచిన పిల్లలలో కొందరు సకురా ద్వారా జపాను చూచి వచ్చిరి. కావున తలుపు మూసి లేదు. తలుపు తెరచినవేళ లోనికిపోవు బిడ్డ చేతిలో ఏమున్నదన్నదే ప్రశ్న.

వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. వట్టి చేతులతో పోయినవాడు చూచి రాగలడే గాని వినిమయము చేయలేడు. కొలది కాలము క్రిందట పదవ తరగతి బాలికనొకతెను పరీక్షించితిని. జపాను రాజధాని, ద్వీపములు, పర్వతములు అన్నియు తడుముకొనక చెప్పినది. "నీవు ఇంట ఏ భాష మాటలాడుదువమ్మా?" అని అడిగితిని. తల వంచుకొని తోడి పిల్లలవైపు చూచి ఊరకుండెను. తరువాత ఒంటరిగా వచ్చి, "తెలుగని చెప్పిన ఆంధ్రనుండి వచ్చితివా అందురు, తమిళమని చెప్పిన మా అమ్మ నొచ్చుకొనును. ఏమి చెప్పవలెనండీ?" అని అడిగెను. ఆ ప్రశ్న నన్ను నాటికిని నేటికిని బాధించుచునే యున్నది. జపాను సంగతులు ఆమెకు పుస్తకము చెప్పినది. తన సంగతి చెప్పవలసినవారు తలిదండ్రులు, మనవంటి పెద్దలు. మనము చెప్పలేదు.

మొదటి సన్నాహము పేరు. ఈ నాట తండ్రి పేరి తొలి అక్షరమును ముందుంచుకొనుట ఆచారము. మనవారును అట్లే వ్రాయుచు ఇంటిపేరును పెండ్లి పత్రికలకు మాత్రమే మిగిల్చిరి. జపానువారు మనవలెనే ఇంటిపేరును ముందు, పిలుచు పేరును తరువాత చెప్పుదురు. 1875లో అచ్చటి ప్రభుత్వము సామాన్యులందరును ఇంటిపేరు పెట్టుకొనవలెనని శాసించెను. "తనక" యన పొలము నడుమ, "యమమొతొ" యన కొండ మొదలు అని అర్థము. ఊళ్లను, కొండలను, పొలములను బట్టి వచ్చిన ఇంటిపేర్లు మనకు మాత్రము లేవా? మీ ఇంటిపేరేమో, అది ఎట్లు వచ్చెనో ఈ రాత్రియే మీ బిడ్డకు చెప్పుడు. దీనికి లౌకిక ప్రయోజనము కూడ కలదు. పాస్‌పోర్టులో పేరును విడదీసి పూర్తిగా వ్రాయవలెను. జననపత్రము, పాఠశాల రిజిస్టరు, ఆధారు ఈ మూడింటను పేరు ఒక్కతీరున నుండునట్లు ఇప్పుడే సరిచూచుకొనుడు. యాత్ర కుదిరిన పిదప పరుగులిడిన ఫలము లేదు.

రెండవది భాష. తెలుగు నేర్చిన బిడ్డకు జపాను భాష గుండె బెదరించునది కాదు. మన పదములవలె అచ్చటి పదములును మిక్కిలిగా అచ్చులతో ముగియును. క్రియ వాక్యము చివరనే వచ్చును. "నేను పుస్తకమును చదివెదను" అనుటకు వారు "వతషి వ హొన్ ఒ యొమిమసు" అందురు. "హొన్" పుస్తకము, దాని వెనుక వచ్చు "ఒ" మన "ను" వంటిది. ప్రశ్నకు మనము చివర "ఆ" చేర్చినట్లు వారు "క" చేర్తురు. పేరు చివర మనము "గారు" అన్నట్లు వారు "సన్" అందురు. మనవలెనే తన పేరునకు తాను చేర్చుకొనరు. "ఒబసన్" అన పినతల్లి, మేనత్త వరుసవారు. "ఒబాసన్" అన అవ్వ. ఒక్క దీర్ఘమున ఒక తరము మారిపోవును! గుణింతము దిద్దిన మన బిడ్డ చెవికి ఈ భేదము తేలికగా పట్టుబడును. ఇందువలన రెండును ఒక తల్లి బిడ్డలని నేను చెప్పుట లేదు. తమిళమునకును ఈ గుణములు పెక్కు కలవు. రెండును వచ్చిన మన పిల్లలకు మేలు రెట్టింపు. ఇంట తెలుగును మానిపించి ఇంగ్లీషు ఒక్కటే పలికించువారు బిడ్డకు వంతెన కట్టుచున్నామని తలచి, ఉన్న వంతెనను విరుచుచున్నారు.

జపానులో అందరిది ఒక్కటే భాష యని కూడ అనుకొనరాదు. ఉత్తరమున హొక్కైదొ ద్వీపమున ఐను అను జాతివారున్నారు. వారి భాష మిక్కిలి అపాయస్థితిలో నున్నదని యునెస్కో 2009లో ప్రకటించెను. వారు ఆదిమవాసులని 2019లో అచ్చటి చట్టము అంగీకరించెను. భాష ఒక్కదినమున పోదు. తల్లి పలికినదానికి బిడ్డ వేరుభాషలో బదులు చెప్పిననాడు పోవుటకు మొదలిడును. మన బాలిక ఐనులను గూర్చి అచ్చట ఒక ప్రశ్న అడిగినచో, ఆమె తెలిసి వచ్చినదని వారు గుర్తింతురు.

మనవారిలో ముందు పోయినవారును కలరు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టినవారు. మనవలెనే ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష యెరిగినవారు. 1898లోనే జపాను పోయి అచ్చటి విద్యను, పరిశ్రమలను పరిశీలించిరి. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నున్నప్పుడు విద్యకును పరిశ్రమలకును ఆయన చేసిన సేవ జగద్విదితము. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినది. ఆయన చూచి వచ్చుటతో తృప్తిపడలేదు.

మూడవది నడవడి. జపాను బడులలో పిల్లలే తరగతిగదులను ఊడ్చి తుడుచుకొందురు. ప్రాథమిక పాఠశాలలో భోజనమును తామే వడ్డించుకొందురు. ఇంటిలోనికి చెప్పులు విడిచియే పోదురు. రైలుబండిలో బిగ్గరగా మాటలాడరు. చెత్తను వీధిలో వేయక ఇంటికి కొనిపోవుదురు. వీనిలో మనకు పూర్తిగా క్రొత్తది ఏది? తిన్న కంచమును తానే కడుగుకొనని బాలుడు, చీపురు ఆడపిల్ల పని యని నమ్మిన బాలుడు అచ్చట సిగ్గుపడును. విమానమెక్కునాడు నేర్పలేము, నేటినుండి నేర్పవలెను. మధ్యాహ్న భోజనమును గూర్చి మాట వచ్చినప్పుడు మన బిడ్డకును చెప్పుటకున్నది. వారి బడిభోజనము 1889లో త్సురుఒక పట్టణమున ఆరంభమైనదందురు. మన రాష్ట్రమున కామరాజుగారి కాలమున బడిభోజనము విస్తరించెను. 2022 నుండి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలాహారము కూడ పెట్టుచున్నారు.

తల్లులు తప్పక అడుగు ప్రశ్న తిండి. జపాను వంటలలో పెక్కింట ఎండిన చేపల రసము కలియును. కంటికి కూరగాయల పులుసువలె కనబడినను అందు అది యుండవచ్చును. శాకాహారులు ఆ సంగతి ముందుగనే వ్రాసి తెలుపవలెను. అచ్చట మొగము ముడిచి కూర్చుండుట మర్యాద కాదు. ఇక భూకంపము. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపము జ్ఞాపకార్థము ఏటేట ఆ దినమున అచ్చట రక్షణాభ్యాసము చేయుదురు. నేల కదిలినచో బల్లక్రిందికి పోవలెను, ఉపాధ్యాయుని మాట వినవలెను, పరుగెత్తరాదు. మరియొకటి: అచ్చటి గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు. మనకు రాత్రి ఎనిమిదిన్నర యైనప్పుడు అచ్చట నడిరేయి. బిడ్డ స్వరము వినవలెనని తల్లి మనసు కొట్టుకొనుట సహజమే గాని, అలసి నిద్రించు బిడ్డను ఫోనుతో లేపరాదు.

ఒక్కమాట మనసు నొవ్వకుండ చెప్పెదను. అవకాశము వచ్చినప్పుడు "అబ్బాయిని పంపుదుము, అమ్మాయి ఎందుకు?" అను ఇండ్లు ఇంకను కలవు. పాస్‌పోర్టు దరఖాస్తునకు తలిదండ్రుల సమ్మతి కావలెను. ఆ సంతకము పెట్టు చేయి కుమారునికి ఒకతీరు, కుమార్తెకు ఒకతీరు కారాదు.

తిరిగి వచ్చిన పిదప చేయవలసిన పని కూడ ప్రయాణములో భాగమే. పోయినవాడు దినచర్య వ్రాయవలెను. వచ్చి పోనివారికి చెప్పవలెను. ఒక్కడు పోయిన నూరుగురు పోయినట్లు కావలెను.

నాడు ఆ బాలికకు వెంటనే ఇయ్యలేకపోయిన బదులును నేడు మీ అందరి ఎదుట ఇచ్చుచున్నాను. అమ్మా! నీవు ఇట్లు చెప్పుము: "మేము తరతరములుగా తమిళనాట నివసించు తెలుగువారము. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో వీనితోబాటు ఇంగ్లీషు. మా ఊరు హరూరు. చేరువనే తీర్థమలై కలదు. మేము త్రాగు నీటిలో మీ దేశపు సాయము కలదు. మా అమ్మ మీకు నమస్కారము చెప్పమన్నది."

ఈ నాలుగు మాటలను తల యెత్తి చెప్పగల బిడ్డ జపానునకు సిద్ధమైనట్లే. ఆ సిద్ధి బజారులో దొరకదు, ఇంటనే దొరకును. తలిదండ్రులారా, ఈ భారము మీది.