వైద్యుని గదిలో మూడవ చెవి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వైద్యుని యెదుట కూర్చున్న రోగి దగ్గును, జ్వరమును మొదటనే చెప్పును. అసలు మాట, అనగా మానలేని త్రాగుడో, ఇంటిలో పడుచున్న దెబ్బలో, లేచి గుమ్మము దాక పోయిన పిమ్మట గాని నోటికి రాదు. ఆ మాటను వినుటకు ఇప్పుడు కొన్ని దేశములలో వైద్యునితో పాటు ఒక యంత్రము కూడ ఆ గదిలో ఉండుచున్నది. దానిని ప్రజలు ఏ దృష్టితో చూచుచున్నారనునదే నేటి విషయము.

ఈ యంత్రము ఊరక పుట్టలేదు. అమెరికాలో 2016లో ప్రచురింపబడిన ఒక పరిశీలనను బట్టి, వైద్యులు రోగుల యెదుట గడపిన ఒక్కొక్క గంటకు దాదాపు రెండు గంటలు కంప్యూటరు వ్రాతకును, బల్లపనికిని పోయినవి. వైద్యుని చూపు రోగి ముఖమును విడిచి తెరపై నిలిచినది. రోగులకు ఇది నచ్చలేదు. వైద్యులకు అంతకంటె నచ్చలేదు. అంతట సంభాషణను విని, పిచ్చాపాటిని తీసివేసి, వ్యాధి వివరముగా కూర్చియిచ్చు కృత్రిమ మేధ వచ్చినది. ఉత్తర కాలిఫోర్నియాలో పర్మనెంటే మెడికల్ గ్రూపు 2023 అక్టోబరులో దీనిని విరివిగా ప్రవేశపెట్టగా, పది వారములలో 3,442 మంది వైద్యులు 3,03,266 సందర్శనములలో ఉపయోగించిరి. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు అనేకము కలవు గనుక తెలుగువారికిది దూరపు ముచ్చట కాదు.

ప్రజల మాట ఏమి? 2023లో ప్యూ సంస్థ ప్రకటించిన సర్వేలో, రోగనిర్ణయమునకు, చికిత్సకు తమ వైద్యుడు కృత్రిమ మేధపై ఆధారపడినచో ఇబ్బందియేయని అమెరికనులలో 60 శాతము చెప్పిరి. బ్రిటనులో 2024లో హెల్త్ ఫౌండేషను అడుగగా, రోగుల సంరక్షణలో దానిని 54 శాతము బలపరచిరి. కార్యాలయపు పనులలోనైతే 61 శాతము. వైద్యుడుగా వలదు గాని వ్రాయసకాడుగా ఉండనిమ్మని జనుల తీరు కాబోలు.

అయితే వ్రాయసకాని పని చిన్నదని పల్లెవారు మాత్రము ఒప్పుకొనరు. కరణీకము సాగిన దినములలో దున్నినవాడు ఎవడైనను, అడంగలులో ఎక్కిన పేరుకే బలము. వైద్యుని పుస్తకమును అంతియే. ‘అప్పుడప్పుడు’ అన్నది ‘నిత్యము’ అయినచో తరువాతి వైద్యుడు దానినే నమ్మును. ఇట్టి యంత్రములలో కొన్నింట వాడబడిన విస్పర్ అను సాధనమును పరీక్షించి 2024లో కొందరు పరిశోధకులు ప్రకటించిన దేమనగా, నూటికి ఒకటి చొప్పున ధ్వని ఖండములలో ఎవరును పలుకని మాటలను అది వ్రాసినదట! మాటల నడుమ మౌనము ఎక్కువగా ఉన్నవారి విషయములో ఇది మిక్కుటము. బాధలో ఉన్నవాడు గడగడ మాటలాడునా?

ఇక అనుమతి. రహస్య సంభాషణను రికార్డు చేయుటకు అందరి సమ్మతియు ఉండవలెనని కాలిఫోర్నియా చట్టము. కాని అడుగుట వేరు, అడిగినట్లు గోడకు కాగితము అంటించుట వేరు. మందు వ్రాయవలసినవాడే అడుగుచుండగా, జ్వరముతో కూర్చున్నవాడు కాదని యెట్లనును? అయినను, పూర్వమువలె తెరను చూచుచు టైపు కొట్టు వైద్యునికంటె, తన కన్నులలోనికి చూచి వినువానినే కోరుకొను రోగులను తప్పుపట్టరాదు. వారు కోరునది యంత్రమును కాదు, ఆ చూపును. మిగిలిన కాలములో మరి యిద్దరు రోగులను చేర్చినచో ఆ చూపు మరల పోవును. అది యంత్రము చేసిన తప్పు కాదు.

ఆ పత్రముపై సంతకము వైద్యునిదే, బాధ్యతయు ఆయనదే. 2021 ఏప్రిలు నుండి అమెరికాలో రోగి ఆ పత్రమును తానే తెరచి చదువుకొనవచ్చును; తాను చెప్పని మాట అందు కనబడినచో దిద్దుమని కోరు హక్కును కలదు. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులను వెంటబెట్టుకొని పోవు బిడ్డలపై, ఇంటికి వచ్చిన తరువాత ఆ పత్రమును వారికి తెలుగులో చదివి వినిపించు పని కూడ పడినది.